గోడ గుట్టు మాలులో!

ఇల్లు కట్టి చూడు

ఇల్లు కట్టించేవాళ్లు ఇటుకను చేత్తో తట్టి ఖంగుమంటుందో లేదో వింటారు. సిమెంటు బస్తా మీద పేరు చదువుతారు. ఇనుము తూకం దగ్గర దగ్గరుండి చూస్తారు. టైల్స్ కోసం నాలుగు ఊళ్లు తిరుగుతారు. ఇటుకకూ ఇటుకకూ మధ్య పడే ఆ అరంగుళం లోపు మాలు దగ్గరికొచ్చేసరికి మాత్రం... 'అది మేస్త్రీ చూసుకుంటాడులే' అనేస్తారు. ఈ వారం ఆ మాలు కథే చెప్పుకుందాం.

మా నాన్న బడిపంతులు. 1996లో ఏలూరు దగ్గర మా ఊళ్లో ఇల్లు కట్టారు. పీఎఫ్ లోను కొంత, అమ్మ గొలుసు తాకట్టు కొంత, చేబదుళ్లు కొంత. బడి వదలగానే సైకిలేసుకుని నేరుగా పని దగ్గరికే వచ్చేవారు. సెలవుల్లో అయితే పొద్దస్తమానం అక్కడే. నేను ఇసుక గుట్ట మీద పిచ్చుకగూళ్లు కట్టుకుంటూ ఉండేవాణ్ని.

ఇల్లు లేచింది. గృహప్రవేశమూ ఘనంగానే అయింది. మూడేళ్లు తిరిగాక ఓరోజు పడమటి గదిలో క్యాలెండర్ తగిలిద్దామని గోడకు మేకు కొడితే నిలబడలేదు. మేకుతోపాటు గుప్పెడు ఇసుక రాలింది. వేలితో గీరితే ఇంకాస్త రాలింది. నానమ్మ మంచం ఆ గోడ పక్కనే. పాపం, రోజూ పొద్దున్నే లేచి దుప్పటి మీద ఇసుక దులుపుకొనేది. వానాకాలం వస్తే గోడంతా చెమ్మ. తర్వాత పాతికేళ్లలో ఆ ఒక్క గోడకే మూడుసార్లు ప్లాస్టరింగ్ చేయించాం. మూడుసార్లూ నాన్న తిట్టింది సిమెంటునే. 'కల్తీ బస్తాలు అంటగట్టారు' అని.

సిమెంటు తప్పేమీ లేదని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు అసలు విషయంలోకి వెళ్దాం.

జిగురొక్కటే కాదు!

కోస్తాలో మాలు అంటారు. తెలంగాణలో చాలాచోట్ల మాల్ అంటారు. పాతకాలం వాళ్లు గచ్చు అనేవారు. పేరేదైనా పని ఒకటే... ఇటుకనూ ఇటుకనూ, రాయినీ రాయినీ కలపడం. అయితే చాలామంది అనుకున్నట్టు మాలు జిగురు మాత్రమే కాదు. అది మూడు పనులు చేస్తుంది. ఇటుకల్లోని ఎగుడుదిగుడులను సర్ది కింద పరుపులా ఉంటుంది. దానివల్ల పైబరువు అన్ని ఇటుకల మీదా సమానంగా పడుతుంది. రెండోది, ఇటుకలను పట్టి ఉంచుతుంది. మూడోది, సందుల్లోంచి వాన నీరు లోపలికి రాకుండా అడ్డుకుంటుంది.

ఓ మామూలు ఇటుక గోడను తీసుకుంటే దాని పరిమాణంలో దాదాపు నాలుగో వంతు మాలే! అంటే మనం ఇటుక గోడ అనుకునేదాంట్లో పావు వంతు గోడ... పని జరిగేచోట, ఆ పూటకా పూట, పారతో తిరగేసి తయారుచేసిందన్నమాట. ఇటుక బట్టీలో కాలి వస్తుంది. సిమెంటు ఫ్యాక్టరీలో పరీక్షలు దాటుకుని వస్తుంది. ఇంటి దగ్గర పుట్టేది మాలొక్కటే. అందుకే దాని బాగోగులు ఇంటివాళ్లే చూసుకోవాలి.

మట్టి నుంచి సిమెంటు దాకా

మాలు అనగానే ఇప్పుడు మనకు సిమెంటే గుర్తొస్తుంది. కానీ మన ఊళ్లలో దానికి ముందు రెండు తరాలున్నాయి.

మొదటిది మట్టి. రాయలసీమ పల్లెల్లో పాత మిద్దెల గోడలు చూడండి. రాయి మీద రాయి పేర్చి మధ్యలో బంకమట్టి మెత్తారు. మట్టిని నీళ్లు పోసి నానబెట్టి, కాళ్లతో తొక్కి, మెత్తగా అయ్యాక వాడేవారు. వాన తగలనంతకాలం ఆ గోడకు ఢోకా లేదు. నీరు దిగిందా... మట్టి కరిగి గోడ కూలుతుంది. మట్టి మాలుతో కట్టిన గోడకు పైకప్పు, పునాదీ రెండూ గొడుగూ చెప్పుల్లా పనిచేయాలి.

రెండోది సున్నం. సున్నపురాయిని కాల్చి, నీళ్లతో చల్లార్చి, ఇసుకో ఇటుక పొడో కలిపి గానుగలో ఆడించేవారు. గుండ్రటి కాలువలో బరువైన రాతి చక్రం... దాన్ని లాగుతూ తిరిగే ఎద్దులు. అలా నూరిందే డంగు సున్నం. దాంట్లో కరక్కాయ నీళ్లు, బెల్లం పాకం లాంటివి కలిపేవారు. 1591లో కట్టిన చార్మినార్‌ను నిలబెట్టింది ఈ సున్నమే. గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధులనూ అంతే. సున్నం నిదానస్తురాలు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి గట్టిపడుతుంది. చివరికి మళ్లీ రాయిగా మారుతుంది.

మూడోది సిమెంటు. దానికి నిదానం లేదు. నీళ్లు తగిలిన గంటల్లోనే బిగుసుకుంటుంది. త్వరగా పైకి కట్టుకుంటూ పోవచ్చు. అందుకే దాని హవా మొదలయ్యాక సున్నం గానుగలు ఒక్కొక్కటే మూలపడ్డాయి.

అలాగని గట్టిదే మంచిదనుకుంటే పొరపాటు. ఇరవయ్యో శతాబ్దంలో కుతుబ్‌షాహీ సమాధులకు మరమ్మతుల పేరుతో చాలాచోట్ల సిమెంటు పూశారు. మేలు కంటే కీడే జరిగింది. సున్నపు గోడ చెమ్మను పీల్చుకుంటుంది, మళ్లీ బయటికి వదిలేస్తుంది. పైన సిమెంటు పొర పడితే ఆ చెమ్మ లోపలే ఉండిపోతుంది. ఉప్పు పేరుకుంటుంది. మెత్తటి సున్నాన్ని లోపలి నుంచి తినేస్తుంది. 2013లో ఆగాఖాన్ ట్రస్టు అక్కడ పునరుద్ధరణ మొదలుపెట్టాక ఆ సిమెంటును పనివాళ్లు చెక్కి తీసి, మళ్లీ సున్నపు పూత పూయాల్సి వచ్చింది.

ఇది చార్మినార్లకూ సమాధులకే కాదు... మీ తాతగారి పెంకుటింటికీ వర్తిస్తుంది. డంగు సున్నంతో కట్టిన పాత గోడ పెచ్చులూడుతుంటే దానిమీద సిమెంటు ప్లాస్టరింగ్ చేయించకండి. సున్నం పని తెలిసిన మేస్త్రీ ఇంకా ఎక్కడున్నాడో వెతకండి. పాత గోడకు పాత మందే పడుతుంది!

ఇవి కాక సిమెంటూ సున్నం రెండూ కలిపిన మిశ్రమ మాలు ఉంది. ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నం, ఆరు పాళ్లు ఇసుక. సున్నం ఉండటం వల్ల మాలు వెన్నలా సాగుతుంది, నీటిని పట్టి ఉంచుతుంది, బీటలు తగ్గుతాయి. ఇప్పుడు మన మేస్త్రీల్లో దీన్ని వాడేవాళ్లు తక్కువ. ఇక తేలికపాటి ఏఏసీ బ్లాకుల కోసం బస్తాల్లో వచ్చే జిగురు మాలు సరికొత్త తరం. దాన్ని రెండు మూడు మిల్లీమీటర్ల మందాన రాస్తే చాలు.

ఆరు పాళ్లా... ఎనిమిదా?

'ఒకటికి ఆరు వేస్తున్నామండీ' అంటాడు మేస్త్రీ. మనం తలాడిస్తాం. ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్లు ఇసుక అని అర్థం. తొమ్మిదంగుళాల గోడకు అది సరైన కొలతే. నాలుగున్నర అంగుళాల అడ్డుగోడకైతే 1:4 ఉండాలి. ఆ గోడ సన్నం కాబట్టి బలం ఎక్కువ కావాలి. లోపలి ప్లాస్టరింగ్‌కు 1:5 లేదా 1:6, వాన తగిలే బయటి గోడకు 1:4 లేదా 1:5, స్లాబు అడుగున పూతకు 1:3 లేదా 1:4.

ఒక్క రెండు పాళ్లు ఇసుక ఎక్కువైతే ఏమవుతుంది? భారతీయ ప్రమాణాల సంస్థ లెక్క చూడండి. 1:6 మాలు 28 రోజుల తర్వాత చదరపు మిల్లీమీటరుకు కనీసం 3 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవాలి. 1:8 మాలుకు ఆ అంకె 0.7 మాత్రమే! అంటే ఇసుక మూడో వంతు పెరిగితే బలం పావు వంతుకు పడిపోతోంది.

మరి దీనివల్ల మిగిలేదెంత? ఓ చిన్న ఇంటికి 40 ఘనపు మీటర్ల ఇటుక పని ఉందనుకుందాం. అందులో మాలు సుమారు 10 ఘనపు మీటర్లు. 1:6 అయితే ఘనపు మీటరు మాలుకు దాదాపు అయిదున్నర బస్తాల సిమెంటు పడుతుంది. 1:8 అయితే నాలుగుంపావు. ఇంటి మొత్తానికి తేడా పన్నెండు, పదమూడు బస్తాలు. బస్తా 350 రూపాయల లెక్కన చూసినా అయిదు వేల లోపే. లక్షలు పోసి కట్టే ఇంటి గోడల బలాన్ని ఈ అయిదు వేలకు అమ్ముకుంటామా?

అలాగని 'ఖర్చయితే అయింది, అన్నిటికీ 1:3 వేసెయ్యండి' అనీ అనకూడదు. సిమెంటు ఎక్కువైన మాలు ఆరేటప్పుడు ఎక్కువ కుంచించుకుపోతుంది. బీటలిస్తుంది. పైగా మాలు ఎప్పుడూ ఇటుక కంటే ఓ మెట్టు మెత్తగా ఉండటమే మంచిది. పునాది కాస్త కుంగినా, ఎండకు గోడ కాస్త వ్యాకోచించినా ఆ ఒత్తిడి సందుల్లో సన్న బీటగా బయటపడుతుంది. బీటను పూడ్చుకోవచ్చు. మాలు ఇటుకను మించి గట్టిగా ఉంటే ఇటుకే పగులుతుంది. దాన్ని ఏం చేయగలం?

గమేళా లెక్క గాలి లెక్క

పాళ్లు సరే. కొలిచేదెలా? చాలాచోట్ల గమేళాలే కొలత. ఓ కూలీ గమేళాను గోపురంలా నింపుతాడు. ఇంకొకరు అంచుకు సమంగా నింపుతారు. కొందరైతే పార లెక్క. సిమెంటు పారకు తక్కువ వస్తుంది, ఇసుక ఎక్కువ నిలుస్తుంది. సాయంత్రానికి 1:6 కాస్తా ఏ 1:7గానో 1:9గానో మారిపోతుంది. ఎవరూ దొంగతనం చేయలేదు. కొలతే లేదు, అంతే!

దీనికి మందు ఓ చెక్క పెట్టె. 50 కిలోల సిమెంటు బస్తా అంటే 35 లీటర్లు. లోపలి కొలతలు 35 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 40 లోతు ఉండేలా వడ్రంగితో అడుగున్న పెట్టె చేయించండి. అది సరిగ్గా ఓ బస్తా పరిమాణం. బస్తా సిమెంటుకు ఆరు పెట్టెల ఇసుక, అంచుకు సమంగా గీసి. ఓ పూటలో అయ్యే వడ్రం పని. సెంట్రింగ్ చెక్క ముక్కలతోనే సరిపోతుంది.

ఇసుక చూడటానికి సీసా చాలు

ఇసుకలో మట్టి ఎంతుందో చూడటానికి ల్యాబులకు పోనక్కర్లేదు. ఓ గాజు సీసాలో సగం ఇసుక పోసి, చిటికెడు ఉప్పు కలిపిన నీళ్లతో నింపి, బాగా గిలకొట్టి, మూడు గంటలు కదపకుండా పెట్టండి. అడుగున ఇసుక, దానిమీద సన్నటి బురద పొర తేరతాయి. ఆ పొర మందం ఇసుకలో నూటికి 8 వంతులు దాటితే ఆ ఇసుకను కడిగి వాడాలి. లేదంటే వెనక్కి పంపాలి. మట్టి రేణువులు ఇసుక గింజ చుట్టూ అంటుకుని సిమెంటును దగ్గరికి రానివ్వవు.

ఇంకో చిత్రం ఉంది. తడి ఇసుక పొంగుతుంది! గింజల చుట్టూ పల్చటి నీటి పొర చేరి ఒకదాన్నొకటి దూరం నెట్టుకుంటాయి. కాస్త చెమ్మగా ఉన్న ఇసుక 25 శాతం దాకా, సన్న ఇసుక అయితే అంతకంటే ఎక్కువ ఉబ్బి కనిపిస్తుంది. పూర్తిగా ఎండినా, పూర్తిగా నీళ్లలో మునిగినా మళ్లీ అసలు పరిమాణానికి వస్తుంది. ట్రాక్టరు లెక్కన కొనేవాళ్లకు ఇక్కడే నష్టం... గాలికి డబ్బులు కట్టినట్టే. మాలు కలిపేటప్పుడూ అంతే. తడి ఇసుక ఆరు పెట్టెలు వేస్తే నిజానికి పడేది అయిదే. అందుకని చెమ్మ ఇసుక అయితే మేస్త్రీతో మాట్లాడి ఆ మేరకు ఇసుక పెంచుకోవచ్చు. ఎండు ఇసుకకు మాత్రం ఆ పెంపు పనికిరాదు.

సముద్రం ఒడ్డు ఇసుక జోలికి అసలు పోవద్దు. అందులోని ఉప్పు గోడను ఎప్పటికీ ఆరనివ్వదు. నది ఇసుక దొరక్క రోబో ఇసుక వాడేవాళ్లు గోడ కట్టుబడికీ, ప్లాస్టరింగ్‌కూ విడిగా జల్లించి, కడిగి ఇచ్చే రకం అడిగి తీసుకోండి. క్రషర్ దగ్గర మిగిలే దుమ్మునే రోబో ఇసుక అని తోలేవాళ్లూ ఉన్నారు. అరచేతిలో వేసి రుద్దితే పౌడర్‌లా అంటుకుంటే అది దుమ్మే. 

నీళ్ల విషయంలో సూత్రం ఒక్కటే. తాగడానికి పనికొచ్చే నీళ్లే మాలుకూ. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆ ఉప్పు రేపు గోడ మీద తెల్లగా పూస్తుంది.

ముందు పొడిగా... తర్వాతే నీళ్లు

మాలును నేల మీద కలపకూడదు. మట్టి కలుస్తుంది, సిమెంటు పాలు నేలలోకి ఇంకిపోతాయి. ఓ ఇనుప రేకో, ఇటుకలు పరిచి పూత పూసిన చప్టానో ఉండాలి. ఇసుక పరిచి, దానిమీద సిమెంటు వేసి, నీళ్లు పోయకుండానే పారతో కనీసం మూడుసార్లు తిరగెయ్యాలి. ఎక్కడా ఇసుక చారా, సిమెంటు చారా కనిపించకుండా కుప్పంతా ఒకే రంగుకు రావాలి. అప్పుడు మధ్యలో గుంట చేసి కొద్దికొద్దిగా నీళ్లు. మిషన్‌లో కలిపితే నీళ్లు పోశాక కనీసం మూడు నిమిషాలు తిరగాలి.

తాపీ మీద ముద్ద తీసుకుని పక్కకు వంచితే మెల్లగా జారాలి. నీళ్లలా కారకూడదు, రాయిలా అతుక్కుపోకూడదు.

ఇప్పుడు అసలు కిటుకు దగ్గరికొద్దాం. సిమెంటుకు నీళ్లు తగిలిన క్షణం నుంచి గడియారం మొదలైనట్టే. మామూలు సిమెంటు అరగంట తర్వాత ఎప్పుడైనా బిగుసుకోవడం మొదలుపెట్టొచ్చు. లోపల సన్నటి స్ఫటికాలు పుట్టి ఒకదాన్నొకటి అల్లుకుంటాయి. ఆ అల్లికే బలం. బిగుసుకున్న మాలులో మళ్లీ బకెట్ నీళ్లు పోసి పారతో తిరగేస్తే ఆ అల్లిక తెగిపోతుంది. చూడటానికి మాలు మళ్లీ మెత్తగా, తాజాగా అవుతుంది. తాపీకి చక్కగా లొంగుతుంది. కానీ ఇక అది అతుక్కోదు. ఎండాక ఇసుకగా రాలుతుంది.

మాలుకు సంబంధించిన ఐఎస్ 2250 ప్రమాణం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ఎండకు నీరు ఆవిరై మాలు బిగిస్తే రెండు గంటల లోపు మాత్రం కాసిని నీళ్లు చల్లి సర్దుకోవచ్చు. ఆ తర్వాత దాన్ని వాడకూడదు, పారేయాల్సిందే. మన రోహిణీకార్తె ఎండల్లో రెండు గంటలు కూడా ఎక్కువే. అరగంటలో, మహా అయితే గంటలో అయిపోయేంతే కలుపుకోవడం ఉత్తమం. ఒక్క మేస్త్రీ కడుతుంటే ఒకేసారి బస్తా కాదు, అరబస్తా కలిపించండి. భోజనాలకు లేచేముందు కుప్ప ఖాళీ అవ్వాలి. భోజనం తర్వాత కొత్త మాలు.

గోడ కడుతున్నప్పుడు...

మట్టి ఇటుకలను ముందుగా నీళ్లలో నానబెట్టాలి. ఎండు ఇటుక మాలులోని నీటినంతా లాగేస్తుంది. సిమెంటుకు తాగడానికి నీళ్లు మిగలవు. ఏఏసీ బ్లాకులను మాత్రం నానబెట్టకూడదు. జిగురు మాలు బస్తా మీద ఎలా రాసి ఉంటే అలా చేయాలి.

సందు మందం 10 మిల్లీమీటర్లు చాలు. ఇటుక వంకరలను మాలుతో కప్పిపెట్టడానికి అంగుళం సందు పెడుతుంటే ఒప్పుకోకండి. అడ్డ సందులు అందరూ నింపుతారు. చూడాల్సింది నిలువు సందులు. చాలామంది ఇటుక పక్కన ఇటుక పెట్టి, పైన తాపీతో ఓ గీత గీసి వదిలేస్తారు. లోపలంతా డొల్లే. వాన నీరు గదిలోకి వచ్చేది ఆ దారినే. ఎండ పడుతున్న వైపుకు అవతల, నీడ వైపు నిలబడి పచ్చి గోడను ఓసారి చూడండి. సందుల్లోంచి వెలుతురు కనిపిస్తే ఆ వరుస విప్పించాల్సిందే.

ఒక్క రోజులో మీటరు, మీటరున్నర ఎత్తుకు మించి కట్టకూడదు. కింద మాలు పచ్చిగా ఉండగానే పైబరువు పడితే గోడ గుండు తప్పుతుంది. ప్లాస్టరింగ్ పట్టుకోవాలంటే సందులను పచ్చిమీదే సెంటీమీటరు లోతు గీకి ఉంచాలి. కాంక్రీటు స్తంభమూ ఇటుక గోడా కలిసేచోట కోళ్ల జాలీ కొట్టి ఆపైన పూత వేస్తే నిలువు బీట రాదు. పూత త్వరగా బిగియాలని పచ్చి ప్లాస్టరింగ్ మీద పొడి సిమెంటు చల్లుతుంటారు. దాన్ని ఆపండి. నెల తిరక్కుండానే గోడంతా సాలెగూడులా సన్న చీలికలొస్తాయి.

ఆఖరుది తడపడం. సిమెంటు ఆరి గట్టిపడదు, నీళ్లు తాగి గట్టిపడుతుంది. కట్టిన మర్నాటి నుంచి కనీసం ఏడు రోజులు గోడ తడి ఆరకూడదు. ఫ్లైయాష్ కలిసిన పీపీసీ సిమెంటు అయితే పది రోజులు. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి పైపుతో చల్లి రావడం తడపడం కాదు. నడి ఎండలో చెయ్యి పెట్టి చూడండి. అప్పుడు తడిగా ఉంటేనే లెక్క. గోనెపట్టాలు కప్పి తడిపితే నీళ్లూ మిగులుతాయి.

పడమటి గోడ చెప్పిన సంగతి

ఇక మా ఇంటి సంగతి.

ఆ మధ్య ఊరెళ్లినప్పుడు మా ఇల్లు కట్టిన మేస్త్రీ గారు కనిపించారు. ఇప్పుడు తాపీ పట్టడం లేదు. కొడుకు పనులు చూసుకుంటున్నాడు. అరుగు మీద కూర్చుని టీ తాగుతూ ఉండబట్టలేక అడిగేశాను.

"మేస్త్రీ గారూ... ఇల్లంతా బాగానే ఉంది. ఆ పడమటి గోడ ఒక్కటే ఎందుకలా అయింది?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత చిన్నగా నవ్వారు.

"మీ నాన్నగారికి చెప్పకండి బాబూ. ఆ గోడ మే నెలలో కట్టాం. మేస్టారికి సెలవులు కదండీ, రోజంతా ఇక్కడే ఉండేవారు. ఓరోజు అన్నాలు తినొచ్చేసరికి మాలు బిగుసుకుపోయింది. పనికిరాదని మావాళ్లు నాలుగు గమేళాలు తీసుకెళ్లి గుంటలో పోశారు. మేస్టారు చూసి కేకలేశారు. 'డబ్బులేమన్నా చెట్లకు కాస్తున్నాయా? ఒక్కో బస్తా ఎలా కొన్నానో నాకు తెలుసు' అని. ఆయన బాధ ఆయనది... తప్పు పట్టలేం. ఆ తర్వాత ఆ గోడ అయ్యేదాకా ఒక్క గమేళా కూడా పారబొయ్యలేదండి. ఎండకు బిగిస్తే నీళ్లు కొట్టడం, వాడెయ్యడం. మేస్టారు ఎంత సంతోషించారో! 'ఇప్పుడు బాగా చేస్తున్నారు' అన్నారు."

నాకు నోట మాట రాలేదు. నాలుగు గమేళాల మాలు... అంతా కలిపి బస్తాలో ఏ పావు వంతు సిమెంటో ఉంటుంది. దాన్ని కాపాడుకున్నామని సంతోషించాం. పాతికేళ్లు ఆ గోడ మీదే ఖర్చుపెట్టాం.

ఇందులో దొంగ ఎవరూ లేరు. కల్తీ లేదు. మాలులో నీళ్లు పోసిన కూలీకి చెప్పిన పనే చేయడం తెలుసు. మేస్త్రీ గారికి సంగతి తెలుసు, కానీ యజమాని మాటకు ఎదురుచెప్పలేకపోయారు. మా నాన్నకు రూపాయి విలువ తెలుసు. మాలు సంగతే తెలియదు.

అందుకే ఇల్లు మొదలుపెట్టేవాళ్లకు ఒక్క మాట. ప్రమాణాలూ పాళ్లూ గుర్తుండకపోయినా పర్లేదు. కొబ్బరికాయ కొట్టిన రోజునే మేస్త్రీనీ, మాలు కలిపేవాళ్లనూ పిలిచి ఇలా చెప్పండి... "కొద్దికొద్దిగా కలపండి. బిగిసిన మాలు మిగిలితే పారబోయండి. నేనేమీ అనుకోను." చెప్పడమే కాదు, వాళ్లు మొదటిసారి పారబోసినప్పుడు మొహం చిట్లించకండి కూడా. వాళ్లు చూసేది మీ మాటను కాదు, మీ మొహాన్ని.

మొన్న దసరాకు ఇంటికెళ్తే పడమటి గోడ మళ్లీ రాలుతోంది. నాన్న చీపురు పట్టుకుని ఇసుక ఊడుస్తూ, 'ఈ సిమెంటు కంపెనీల వాళ్లను...' అని మొదలుపెట్టారు. నేను చీపురు అందుకున్నాను. మేస్త్రీ గారికి ఇచ్చిన మాట ఒకటుంది కదా... ఏమీ అనలేదు. నాన్న ఆదివారం పేపరు వదలకుండా చదువుతారు. ఇవాళ్టికి తెలిసిపోతుంది.